ఠాణా వ్యాకరణము

నగరమున నేరములు తగ్గుముఖము పట్టినవని పోలీసు ఉన్నతాధికారులు ఈ వారము విలేకరుల సమావేశమున సెలవిచ్చిరి. ఎంత శాతము తగ్గినవో పాఠకులు పత్రికలలో చూచియే యుందురు గావున ఇచట మరల వ్రాయను. ఆ వార్త చదువుచుండగనే, మాకు నాలుగిండ్ల అవతల నుండు పిన్నిగారు మెడపై ఎఱ్ఱని చారకు పసుపు పెట్టుకొని మా గుమ్మమున నిలిచిరి. తెల్లవారుజామున పాలపాకెట్టు కొఱకు వీధి చివరకు పోవుచుండగా, మోటారుసైకిలుపై వచ్చిన యిద్దరిలో వెనుకవాడు ఆమె రెండుపేటల గొలుసును తెంపుకొని పోయినాడు. ఆమె ఠాణాకు పోయి ఫిర్యాదు వ్రాసి యియ్యగా, హెడ్డు కానిస్టేబులు గారు దానిని సావధానముగా చదివి, తక్కినదంతయు బాగుగనే యున్నదని మెచ్చుకొని, ఒక్క క్రియాపదమును మాత్రము మార్చుమనిరట.

“గుంజుకపోయిండని రాస్తే కోర్టుల చుట్టూ తిరగాల్సొస్తది పెద్దమ్మా. పోయిందని రాయుండ్రి, సరిపోతది.”

చిన్నయసూరి బాలవ్యాకరణమును బాల్యముననే వల్లించితినను గర్వము నాకు కొంత యుండెడిది. ఆ గర్వము ఆ క్షణమున అడుగంటినది. ‘తెంపుకొని పోయినాడు’ అన్నచో వాక్యమునకు కర్త కావలెను. కర్త యున్నచో వానికొక ముఖమును, ఒక వాహనమును, ఆ వాహనమునకొక నంబరును ఉండి తీరును. వానిని వెదకవలసి వచ్చును. ‘పోయినది’ అన్నచో గొలుసే కర్త. ఈడు వచ్చిన గొలుసు తన యిష్టముచొప్పున పిన్నిగారి మెడ విడిచి ఎటో పోయినది. దొంగ లేడు గావున దొంగతనము లేదు, దొంగతనము లేదు గావున కేసు లేదు, కేసు లేదు గావున శాతము తగ్గినది. సకర్మకమైన క్రియ నిమిషములో అకర్మకమైనది; వాక్యమునుండి వెడలగొట్టబడిన కర్మ మాత్రము పిన్నిగారి నుదుటికి చేరినది.

ఇంతటి శాస్త్రము ఒక్క సూత్రముతో ముగియునదా? విచారింపగా దానికి ప్రకరణములును గలవు. మన సంధిలో రెండచ్చులు ఎదురుపడినచో మొదటిది లోపించును. ఠాణా సంధిలో కొట్టినవాడును దెబ్బలు తిన్నవాడును ఒకే బల్లయొద్ద ఎదురుపడగా, దెబ్బలు తిన్నవాని స్వరము లోపించును. దీనినే లోకమున రాజీ యందురు. ఒకదానిని తొలగించి దాని స్థానమున మరియొకటి వచ్చుట ఆదేశము. ‘చోరీ’ స్థానమున ‘మిస్సింగ్’ ఆదేశముగ వచ్చును. అయితే ఆ ఆదేశము పైనుండి వచ్చునా, క్రింద స్వయముగ పుట్టునా యను విషయమున పండితులకు భేదాభిప్రాయములు గలవు. మా వీధి స్తంభముపై నున్న కెమెరా ‘చూచు’ ధాతువునకు వ్యతిరేకార్థక రూపము. బంజారాహిల్సున 2022 ఆగస్టులో తెరచిన కమాండ్ కంట్రోల్ సెంటరు నగరమునంతటిని ఒక్క గోడపై చూడగలదని చెప్పుదురు. ఆ గోడపై మా వీధి యుండవలసిన చోట లోపసంధి జరిగినట్లున్నది.

ఇక సమాస ప్రకరణము. దీనిని మా ఠాణాకు అంటగట్టుట న్యాయము గాదు, ఇది దేశమంతటికిని ఒక్కటే. 1986లో నెలకొన్న నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో, ఒకే ఎఫ్.ఐ.ఆర్.లో పలు నేరములున్నచో, వానిలో ఘోరమైన దానిని మాత్రమే లెక్కకు గైకొనును. ఇల్లు దూరి, కట్టివేసి, దోచి, చంపిపోయినను పట్టికలో నిలుచునది హత్య యొక్కటే. తక్కిన పదములు విభక్తులు పోగొట్టుకొని దానిలో అణగియుండును. బ్యూరో ఈ నియమమును దాచలేదు, తన పుటలలోనే చెప్పుకొన్నది. శాతము దొరికినపిదప ఆ పుట త్రిప్పువాడు లేడు.

ఈ వ్యాకరణమునకు ప్రతిపక్షము లేకపోలేదు. కాగ్నిజబుల్ నేరము జరిగినదని ఫిర్యాదు తెలుపుచున్నచో ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేసితీరవలెనని 2013 నవంబరులో లలితాకుమారి కేసున అయిదుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనము తీర్పు చెప్పినది. 2024 జులై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహిత, మెడలోనిదానిని లాగుకొనిపోవుటకు 304వ సెక్షనున ప్రత్యేకముగ ఒక పేరు పెట్టి, మూడేండ్ల వరకు కారాగారమును నిర్ణయించినది. కాని వైయాకరణులకు ‘బహుళము’ అను ప్రియమైన మాట యొకటి గలదు: ఒకచో జరుగును, ఒకచో జరుగదు, ఒకచో ఇచ్చవచ్చినట్లగును. సర్వోన్నత న్యాయస్థానము ‘నిత్యము’ అన్నదానిని ఠాణా ‘బహుళము’ అని చదువుకొన్నది.

‘పోవు’ ధాతువునకు నిఘంటువున మరికొన్ని అర్థములున్నవి. 2019 నవంబరు 27 రాత్రి, శంషాబాదు టోల్‌ప్లాజాయొద్ద చిక్కుకొన్న యొక యువ పశువైద్యురాలు ఇల్లు చేరకపోగా, ఆ కుటుంబము ఠాణా గడప త్రొక్కినది. ఇది మా పరిధి కాదని త్రిప్పిరనియు, ఎవరితోనో వెళ్లిపోయి యుండునన్నారనియు ఆ యింటివారు చెప్పిరి. మరునాటి ఉదయము షాద్‌నగరు దాపున చటాన్‌పల్లి వంతెన క్రింద ఆమె శరీరము కాలిపోయి దొరికినది. ఎఫ్.ఐ.ఆర్. నమోదున జాప్యము చేసినందుకు ఒక ఎస్సైతో గూడ ముగ్గురు పోలీసులు సస్పెండైరి. ఆ రాత్రి ఆ బల్లమీద కూడ ఒక క్రియాపదమును గూర్చిన తగవే నడచినది.

లలితాకుమారి కేసు కూడ ఒక తండ్రి కనబడని తన మైనరు కూతురిని వెదకుడని మొఱపెట్టుకొనగా పుట్టినదే. ఇంత జరిగినను, పెన్ను చేతబట్టిన ముసలామెను ‘పోయింది’ అని వ్రాయుమనుటకు ఏ నోరు వచ్చినది? ఆ శాతమును పట్టుకొని విలేకరుల ముందు చిరునవ్వు నవ్వుటకు ఏ ముఖము వచ్చినది? మీరు తగ్గించినవి నేరములు గావు, ఫిర్యాదులు. దొంగకు ఈ సంగతి మాకన్న ముందే తెలిసినది గనుకనే వాడు మరల మా వీధికే వచ్చుచున్నాడు.

పాఠకులారా, మీ వాక్యములోని కర్తను ఎవరు కొట్టివేయుమన్నను కొట్టివేయకుడు. ఎఫ్.ఐ.ఆర్. ప్రతిని ఫిర్యాదిదారునకు ఉచితముగ ఈయవలెనని చట్టమున్నది. ఠాణాలో నమోదు చేయ నిరాకరించినచో ఫిర్యాదును వ్రాతమూలముగ తపాలాలో పై పోలీసు అధికారికి పంపవచ్చును. అప్పటికిని కానిచో మేజిస్ట్రేటు నాశ్రయింపవచ్చును. పిన్నిగారు రేపుదయము మరల ఠాణాకు పోవుచున్నారు. క్రొత్త కాగితముపై ‘తెంపుకొని పోయినాడు’ అని ఆమెయే వ్రాసికొన్నారు, క్రింద సంతకమును చేసినారు.