వేగత్తడై మామ

తమిళనాడులోని సేత్తూరులో వీధికొక మామ ఉంటాడు. చుట్టరికంతో పనిలేదు, వీధి మొత్తానికీ మామే. అసలు పేరు రేషను కార్డులో ఉంటుంది గానీ జనం నోట్లో ఆయన వేగత్తడై మామ. స్పీడు బ్రేకరును ఇక్కడి తమిళులు అలాగే అంటారు, ఇంట్లో తెలుగు మాట్లాడే మనవాళ్లూ అలాగే అంటారు.

పొద్దున్నే కాఫీ గ్లాసుతో అరుగెక్కి, వచ్చేపోయే బండ్ల వేగం కంటితో కొలుస్తాడు. "అరవై! ఎవడి ప్రాణం తియ్యడానికిరా?" అని పాలవాడి మొపెడ్డునీ అదిలిస్తాడు. పల్లంలో తోసినా ఆ బండి నలభై దాటదు. మామ కొడుకు బుల్లెట్టు మాత్రం, వీధంతా దద్దరిల్లేలా పోయినా, మామ లెక్కలో ఎప్పుడూ ముప్పైయే.

మామ బాధ ఉత్త బాధ కాదు. ఊరి మీదుగా పోయేది తిరుమంగలం–కొల్లం జాతీయ రహదారి, నంబరు 744. రాజపాళయం దాటి శివగిరి, తెన్‌కాశి మీదుగా కేరళకు పోయే లారీలదంతా ఈ దారే. దాన్ని దాటాల్సింది బడిపిల్లలూ, ముసలివాళ్లూ. అయితే జాతీయ రహదారుల మీద స్పీడు బ్రేకర్లు ఉండకూడదని కేంద్ర రవాణాశాఖ మాట. ఉన్నవాటినీ తీసెయ్యమని 2016లో రాష్ట్రాలకు రాసింది. ఇక మిగిలేవి తెల్లగీతలూ, పోలీసులు అడ్డంపెట్టే ఇనుప బ్యారికేడ్లూ. వాటి మీద ఏ చీరల దుకాణం పేరో ఉంటుంది. వీధులేమో పేరూరాట్చివి, అంటే పట్టణ పంచాయతీవి. మామ రహదారి సంగతి పేరూరాట్చికి రాస్తాడు, వీధి సంగతి రహదారి శాఖకు రాస్తాడు. "మా పరిధి కాదు" అని రెండుచోట్ల నుంచీ మర్యాదగా జవాబొస్తుంది. ఆ జవాబులన్నీ ఫైల్లో పెడతాడు. ఫైలు లావెక్కేకొద్దీ అరుగు మీద ఆయన గొంతు కూడా లావెక్కుతుంది.

సోమవారం వస్తే తెల్లచొక్కా తొడిగి విరుదునగర్ బస్సెక్కుతాడు, కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే రోజని. అర్జీలో మనునీతి చోళుడు ఉండి తీరాలి. కొడుకు రథం కింద దూడ నలిగిందని, ఆవు న్యాయం కోరి గంట మోగించిందని, ఆ కన్నకొడుకునే రథం కింద వేసిన రాజు. "తిరువారూరు వీధిలో ఆనాడు ఒక్క వేగత్తడై ఉంటే దూడా బతికేది, కుర్రాడూ బతికేవాడు" అంటాడు మామ. ఇంతవరకూ ఏ పౌరాణికుడికీ తట్టని సంగతి. "శివుడొచ్చి ఇద్దర్నీ బతికించాడు గదా మామా?" అని ఎవరైనా అడ్డుపడితే సిద్ధంగా ఉంటుంది జవాబు: "శివుడు ప్రతిసారీ వస్తాడట్రా?"

కాలేజీ కుర్రాడొకడు ఒకసారి ఆర్థర్ కాంప్టన్ సంగతి చెప్పాడు. భౌతికశాస్త్రంలో 1927 నోబెల్ అందుకున్న ఆ పెద్దమనిషి, అమెరికాలో తాను ఛాన్సలరుగా ఉన్న విశ్వవిద్యాలయం ముందు కార్ల జోరు చూడలేక 1953లో రోడ్డుకు గట్లు రూపొందించాడని. మామ గర్వంగా తలాడించాడు. "చూశావా, నోబెలు వచ్చినా ఆయనకు అరుగు మీద మనశ్శాంతి లేదు."

ఇక ఏరియా సభ. తమిళనాడు పట్టణాల్లో వార్డు జనం కూర్చుని తమ వీధి సంగతి తామే మాట్లాడుకోమని 2022లో పెట్టారు. మామ ముందువరసలో కూర్చుంటాడు, ఒళ్లో ఫైలు. వేగత్తడై కావాలనే దాకా అందరిదీ ఒకే మాట. ఎక్కడ అన్నప్పుడే కుర్చీలు కదులుతాయి. బండి తన ఇంటి ముందు మెల్లగా పోవాలి, బ్రేకు కీచుమన్నది పక్కింటివాడికి వినపడాలి, ఇదీ ప్రతివాడి అభిప్రాయం. మామ టేపుతో కొలిచి తెచ్చిన లెక్కలో వీధికి సరిగ్గా నడిమధ్య ఆయన గుమ్మమే వస్తుంది. ఏ చివరి నుంచి కొలిచారని ఎవరూ అడగరు.

తీర్మానం పైకి పోయి తిరిగొచ్చేదాకా ఆగే మనిషి కాదు. ఇల్లు కట్టగా మిగిలిన ఇసుకా సిమెంటూ ఉండనే ఉన్నాయి. రాత్రికి రాత్రి ఆయన గుమ్మం ముందే లేచింది గట్టు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలతల్లో ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు, ముందు హెచ్చరిక బోర్డు, పైన రంగు. మామ కొలతల్లో ఎత్తు జానెడు, వెడల్పు మూరెడు, బోర్డు స్థానంలో మామే. పాలు ఒలికాయి, ఆటోలు వీధి మొదట్లోనే ఆగిపోయాయి. మోకాళ్ల నొప్పుల అత్త ఆటోవాణ్ణి బతిమాలి లోపలికి రప్పించుకుంటే, గట్టు దగ్గర దిగి, నడిచి దాటి, మళ్లీ ఎక్కుతుంది. "ప్రజాక్షేమం కోసం ఆ మాత్రం ఓర్చుకోవద్దూ?" అంటాడు మామ.

నవ్వండి, నవ్వదగ్గ మనిషే. కానీ ఏరియా సభలో కుర్చీలన్నీ ఖాళీగా ఉన్న రోజునా వచ్చి కూర్చునేది ఆయనొక్కడే, రహదారి దాటే పిల్లల గురించి కాగితం మీద రాసిందీ ఆయనొక్కడే. అందుకని ఈసారి సభకు మీరూ వెళ్లండి, మీ టేపు మీరు తీసుకెళ్లండి. మీరు వెళ్లకపోతే గట్టు మళ్లీ మామ ఇంటి ముందే పడుతుంది.