నగదు రహితమా? మా జేబులు ఎప్పుడో అయ్యాయి!

నోటు కంటికి కనిపించని సమాజం కడతామన్నారు. 2016 నవంబరు 8 రాత్రి శంకుస్థాపన కూడా అయిపోయింది. దేశంలో తిరిగే డబ్బులో 86 శాతం తెల్లారేసరికి చిత్తు కాగితం! నల్ల కుబేరులు వణికారా? తిరువూరు పక్క చేలల్లో పత్తి తీసే కూలీలు వణికారు. పాత నోటు చెల్లదు, కొత్త నోటు రాదు. పొయ్యి మీద ఏం పెట్టాలి, నినాదమా?

పెద్ద నోట్లు రద్దు చేయండని నెల ముందే ప్రధానికి లేఖ రాసింది అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు. డిజిటల్ చెల్లింపుల మీద ముఖ్యమంత్రుల కమిటీకి పెద్ద ఆయనే. డిసెంబరులో, రోజూ తల బద్దలు కొట్టుకుంటున్నానని వాపోయిందీ ఆయనే! ముహూర్తం పెట్టిన పంతులే పెళ్లి పెటాకులైందని ఏడిస్తే ఎవరితో చెప్పుకోవాలి?

రద్దయిన నోట్లలో 99.3 శాతం తిరిగొచ్చాయని రిజర్వు బ్యాంకే లెక్క తేల్చింది. మరి నల్లధనమేదీ? అప్పుడు దాదాపు 18 లక్షల కోట్లున్న నగదు 2024కి 35 లక్షల కోట్లు. అబ్బో, ఎంత రహితం!

2019లో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. సర్కారే మద్యం కొట్లు తెరిచింది. టీ బంకులో కూడా ఫోన్ పే మోగుతున్న రోజుల్లో అక్కడ మాత్రం ఏళ్ల తరబడి 'నోటు తియ్యి' అన్నారు. జాడ మిగిల్చే చెల్లింపు దొరలకు గిట్టలేదా?

ఇప్పుడు ఒకటో తేదీన అవ్వ చేతిలో పింఛను 4,000 నోట్లుగానే పెడుతున్నారు. మంచిదే. ముందు వేలిముద్ర పడాలిగా! కలుపు తీసి తీసి గీతలరిగిన వేలు. నొక్కు. పడలేదు. కొంగుతో తుడువు. మళ్లీ నొక్కు. రేపు అంతా నగదు రహితమైతే ఈ అవ్వకు ఫోను ఎవరు కొనిస్తారు? ఓటీపీ అడిగే దొంగ నుంచి ఎవరు కాపాడతారు? సిగ్నల్ పోయిన పూట మాత్రలు అరువిచ్చేదెవరు?

కొసమెరుపు చూడండి. 2024 ఎన్నికల్లో మే 18 నాటికి దేశమంతా పట్టుబడిన నగదే రూ.849 కోట్లు. దొరకనిదెంతో పైవాడికెరుక! ఓటుకిచ్చే కవరు మీద క్యూఆర్ కోడ్ ఎవరైనా చూశారా? సర్వర్ డౌనని ఏ నాయకుడైనా పంపకం ఆపాడా?

అయ్యా, నగదు లేని ఎన్నిక ఒక్కటి నడిపి చూపించండి. పార్టీ ఖర్చు పైసాతో సహా జనం ముందు పెట్టండి. అప్పటిదాకా మా కూలి డబ్బుల జోలికి రాకండి!