వంద కొండలాయన

జపాన్‌లో వేసవికాలం ఏ పేరున్న కొండకైనా వెళ్లి, గైడు వెనక నడిచే గుంపుని చూడండి. అందులో ఒక పెద్దాయన తప్పకుండా ఉంటారు. వయసు అరవై అయిదుకీ డెబ్బై అయిదుకీ మధ్య. మెడలో తువ్వాలు, పిక్కలకు గెయిటర్లు, రెండు చేతులా రెండు కర్రలు, టోపీ నిండా బ్యాడ్జీలు. వీపు సంచికి ఎలుగుబంట్లను తప్పుకోమని చెప్పే ఇత్తడి గంట. ఆ గంట విని ఎలుగుబంట్లు తప్పుకుంటాయో లేదో గానీ, ఆయన్ని ఎరిగిన యాత్రికులు మాత్రం చెట్టు చాటుకు తప్పుకుంటారు. కనిపించిన ప్రతివాళ్లనీ ఆయన ఒకటే ప్రశ్న వేస్తారు మరి: "మీకిది ఎన్నోది?"

మొదటిదన్నా ముప్ఫయ్యోదన్నా ఆయనకొకటే. తిరిగి తనని అడుగుతారని అడుగుతారంతే. మనం అడక్కపోయినా ఆయనేం నొచ్చుకోరు. "నాకు ఎనభై ఏడోది" అని తనే చెప్పేసి, మిగిలిన పదమూడూ ఎప్పుడెప్పుడు ఎక్కబోతున్నారో మొదలుపెడతారు. ఈయన్ని నేను వంద కొండలాయన అంటాను. ఈయన ఒక్కరే అనుకునేరు. ప్రతి గుంపుకీ ఒకరుంటారు. ఇద్దరున్న గుంపులో పడ్డారా, ఇక మీ అదృష్టం.

ఈ వంద లెక్క ఎక్కడిదంటే, 1964లో ఫుకదా క్యూయా అనే రచయిత 'నిహోన్ హ్యకుమెయ్‌జాన్' అని జపాన్‌లోని వంద మేటి కొండల మీద ఒక పుస్తకం రాశారు. కొండలో హుందాతనం ఉండాలి, దాని వెనక చరిత్ర ఉండాలి, దానిదంటూ ఒక తీరుండాలి, ఎత్తు 1,500 మీటర్లకి అటూ ఇటూగా అయినా ఉండాలి అని షరతులు పెట్టుకుని, తాను స్వయంగా ఎక్కిన వాటిలోంచి వందని ఏరారు. షరతులు పెట్టిన మనిషే 877 మీటర్ల త్సుకుబానీ, 924 మీటర్ల కైమోన్‌నీ లోపలికి రానిచ్చారు. కావలసినవాళ్ల పేర్లు జాబితాలోకి ఎలా ఎక్కుతాయో మనకి తెలియనిదా! పాపం, ఆయన రాసుకున్నది తన ఇష్టాల చిట్టా. జనం దాన్ని సిలబస్ చేసుకున్నారు. ఉద్యోగంలో ఉన్నంతకాలం లెక్కలూ గడువులతో గడిపిన పెద్దమనుషులు, ఏ లెక్కా ఏ గడువూ లేని రిటైర్మెంటు ఎదురుపడేసరికి బెంబేలెత్తి ఈ వందని పట్టుకున్నారని నా అనుమానం.

ఆ ఫుకదా గారు 1971లో కయగతకె అనే కొండ ఎక్కుతూ కన్నుమూశారు. అది వందలో లేదు. వంద కొండలాయన ఈ కథ చెప్పి, కాసేపు ఆగి, "లిస్టులో లేనిది ఎందుకెక్కినట్టో" అని నిజంగానే బాధపడతారు.

నేను ఈయన్ని తీరిగ్గా చూసింది గస్సాన్ మీద. యమగతా రాష్ట్రంలో దేవా సంజాన్ అని మూడు పవిత్రమైన కొండలున్నాయి: హగురో, గస్సాన్, యుదోనో. 593లో హచికో అనే రాజకుమారుడు వీటిని కనుగొన్నాడని స్థలపురాణం. హగురో ఈ జన్మ, గస్సాన్ మరణం, యుదోనో మళ్లీ పుట్టుక అని నమ్మకం. అంటే మూడూ చుట్టొస్తే ఒక జన్మెత్తి వచ్చినట్టే. మా గైడు ఈ సంగతి చెప్పగానే వంద కొండలాయన చెయ్యెత్తారు. "మూడింట్లో వందలో ఉన్నది గస్సాన్ ఒక్కటే." హగురో 414 మీటర్లు. దేవదారుల మధ్య 2,446 రాతిమెట్లున్న ఆ కొండని ముందురోజు ఆయన బస్సులో ఎక్కి, బస్సులోనే దిగారట. లెక్కలోకి రాని కొండకి మోకాళ్లెందుకు అరగదీసుకోవడం?

మా గైడు యమబుషి, అంటే కొండల్లో దీక్షచేసే సాధకుడు. తెల్లబట్టలు, భుజాన శంఖం. ఆ దీక్షలో గురువు ఏం చెప్పినా శిష్యుడు పలకవలసింది ఒక్కటే: "ఉకెతమో." చిత్తం, శిరసావహిస్తాను అని. ఈ ఒక్కరోజుకి మేమూ అలాగే పలకాలన్నాడు. అందరికంటే గట్టిగా పలికింది వంద కొండలాయనే. కాకపోతే ఆయన ఉకెతమో వెనకాల ప్రతిసారీ ఒక "కానీ" ఉండేది. "నెమ్మదిగా నడుద్దాం." "ఉకెతమో! కానీ ఈ వేగంతో వెళ్తే తొమ్మిదింటికి చేరం." "ఇక్కడ పది నిమిషాలు కూర్చుందాం." "ఉకెతమో! కానీ మ్యాపులో విశ్రాంతి చోటు ఇంకా పైన ఉంది." ఆ మ్యాపు ప్లాస్టిక్ తొడుగు వేసుకుని ఆయన మెడలోనే వేలాడుతోంది.

బస్సు మమ్మల్ని ఎనిమిదో మజిలీ దగ్గర దింపింది. అప్పటికే సుమారు 1,400 మీటర్ల ఎత్తు. అక్కణ్ణుంచి మిదగహర అనే చిత్తడినేల మీదుగా చెక్కబాట. అటూ ఇటూ చిన్న చిన్న నీటి మడుగులు, పచ్చటి పూలు. జులై నెలలో కూడా కరగని మంచు పలకలు. కొండకి అవతలివైపు జులైలోనూ స్కీయింగ్ చేసేవాళ్లుంటారు. గుంపంతా వంగి పూలు చూస్తుంటే వంద కొండలాయన వంగి తన చేతి గడియారం చూసుకున్నారు. అందులో ఎత్తు తెలుస్తుంది. "1,520" అని ప్రకటించారు. కాసేపటికి "1,570." రైలు స్టేషన్లో మైకు కూడా మధ్యమధ్య ఊపిరి తీసుకుంటుంది.

అయితే దారి మర్యాదలో మాత్రం ఆయనకి వంక పెట్టలేం. దిగేవాళ్లు ఆగి, ఎక్కేవాళ్లకి దారివ్వాలని అక్కడి ఆచారం. ఎదురైన ప్రతి మనిషికీ "కొన్నిచివా" చెప్పాలి. స్కూలు పిల్లల బారు ఒకటి దిగుతూ వచ్చింది. అందరం నాలుగైదు నమస్కారాలయ్యాక తలూపడంతో సరిపెట్టాం. ఆయన చివరి పిల్లాడి దాకా పేరుపేరునా అన్నట్టు పలకరించి, ఆ ఆఖరివాణ్ణి ఆపి మరీ అడిగారు: "బాబూ, నీకిది ఎన్నోది?"

తొమ్మిదో మజిలీలోని కొండగుడిసె దగ్గర అందరం ఓనిగిరి అనే అన్నం ముద్దల పొట్లాలు విప్పాం. ఆయన ముద్దలు ఇంట్లో భార్య చేసి ఇచ్చినవి. తొలి అయిదారు కొండలకీ ఆవిడా వెంట వచ్చారట. తర్వాత, "వంద పూర్తవగానే ఇంటిపట్టునుంటాను" అని మాట తీసుకుని, తాను ఇంటిపట్టున ఉండిపోయారట. తెలివైన ఇల్లాలు. తింటూ ఆయన ధర్మసందేహాలు మొదలుపెట్టారు. హచిమంతై శిఖరం 1,613 మీటర్లు, కారు దిగితే అరగంట నడక, అది ఎక్కినట్టేనా? రోప్‌వే ఎక్కితే లెక్కలోకి వస్తుందా? ఒమినే కొండల్లో సంజోగతకె మీదికి ఆడవాళ్లని ఈనాటికీ రానివ్వరు కదా, మరి వాళ్ల వంద ఎలా పూర్తవుతుంది? దీనికి జవాబు ఆయన దగ్గరే ఉంది. ఆ వరసలో అన్నిటికన్నా ఎత్తయిన హక్క్యోగతకె, 1,915 మీటర్లది, ఎక్కితే చాలు. ఆడవాళ్లకి ఇంతటి న్యాయం చేసి, ఆయన ఊరగాయ ప్లమ్ పండొకటి నోట్లో వేసుకున్నారు. 2014లో తనకా యోకి అనే సాహసి బండెక్కకుండా, కాలినడకన, సముద్రం అడ్డొస్తే కయాక్ తెడ్డేసుకుంటూ, వందనీ 208 రోజుల్లో చుట్టేశాడు. ఆ ప్రస్తావన వస్తే మాత్రం మన పెద్దాయన మొహం కొంచెం ముడుచుకుంటుంది. "కుర్రాడు కదా" అంటారు.

1,984 మీటర్ల శిఖరం మీద రాతిగోడల మధ్య చంద్రదేవుడు త్సుకుయోమి గుడి. లోపలికెళ్లేముందు తల వంచితే పూజారి శుద్ధి చేసి, మనిషి ఆకారంలో కత్తిరించిన కాగితం ఇస్తాడు. దాంతో ఒళ్లు తుడుచుకుని నీళ్లలో వదిలితే మన మాలిన్యం అందులో పోతుంది. మేమంతా భుజాలూ ఛాతీ తుడుచుకున్నాం. ఆయన కుడి మోకాలు రెండుసార్లు, ఎడమ మోకాలు మూడుసార్లు తుడిచారు. ఇది మరణలోకం, మీరిప్పుడు చనిపోయినట్టే లెక్క అని గైడు గంభీరంగా చెబుతుంటే, ఆయన కొత్త బ్యాడ్జీ ఎక్కడ దొరుకుతుందని పక్కవాళ్లని అడుగుతున్నారు. తర్వాత ఉత్తరంగా మబ్బుకేసి చూపించి, "అక్కడుంది చోకై. 2,236. నాకు నలభై రెండోది" అన్నారు. మబ్బు తప్ప మాకేమీ కనబడలేదు.

ఆయన్ని చూసి నవ్వుకోవడం తేలికే. కానీ ఎదో కాలంలో, అంటే తోకుగావా ప్రభువుల రోజుల్లో, ఊరంతా చందాలేసుకుని, చీటీలు తీసి, పేరొచ్చినవాళ్లని అందరి తరఫునా ఇలాంటి కొండలకి పంపేవారు. వాళ్లు తిరిగొచ్చేటప్పుడు రుజువుగా గుడి తాయెత్తులు పట్టుకొచ్చి పంచేవారు. ఫుజీ ఎక్కేవాళ్లు చేతికర్ర కొని, ప్రతి గుడిసె దగ్గరా దానిమీద కాల్చిన ముద్ర వేయించుకోవడం ఇప్పటికీ ఉంది. భక్తి ఉన్నచోట రసీదు ఎప్పుడూ ఉంది. కార్తీకమాసంలో పంచారామాలన్నీ ఒక్కరోజులో చూపించే ఆర్టీసీ బస్సెక్కి, నాలుగో గుడి దగ్గరికొచ్చేసరికి శివుడికన్నా గడియారాన్నే ఎక్కువసార్లు దర్శించుకునే మనవాళ్లం, ఆయన టోపీ గురించి మాట్లాడకపోవడమే మర్యాద.

దిగడం యుదోనో వైపు. గక్కోజకా దగ్గర కొండ నిటారుగా పడిపోతుంది. రాళ్లకి బిగించిన ఇనుప నిచ్చెనలు పట్టుకుని వెనక్కి తిరిగి దిగాలి. అక్కడ ఒక్కచోటే ఆయన ఎత్తు చెప్పడం మానేశారు. కర్రలు సంచికి కట్టేసి, ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ దిగారు. మధ్యలో ఆగి, పైన బిక్కచచ్చి నిలబడ్డ ఒక అమ్మాయికి ఏ కాలు ముందు పెట్టాలో చెప్పి, ఆమె కింద నేల తొక్కేదాకా కదల్లేదు. కొండలంటే ఆయనకి ఉట్టి అంకెలు కావని ఒప్పుకోవలసి వచ్చింది. నాకు కొంచెం నిరాశే కలిగింది.

యుదోనోలో అసలు పరీక్ష. అక్కడి దేవుణ్ణి చూడాలంటే చెప్పులు విప్పాలి. ఫోటో తీయకూడదు. చూసింది ఎవరికీ చెప్పకూడదు, ఎవరూ అడగకూడదు. 1689లో వచ్చిన మహాకవి బషో కూడా నియమం ఒప్పుకోదు కాబట్టి రాయనని కలం పక్కన పెట్టేశాడు. ఆయనే చెప్పనిది నేనెలా చెబుతాను? కానీ వంద కొండలాయన సంగతి వేరు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. గైడు నియమం చెప్పగానే ఆయన "ఉకెతమో" అన్నారు. ఆ రోజంతటికీ "కానీ" లేని ఉకెతమో అదొక్కటే.

వెళ్లాం, చూశాం, వచ్చాం. మోకాళ్ల నొప్పితో గస్సాన్ ఎక్కకుండా నేరుగా బస్సులో వచ్చి, కింద విశ్రాంతి గదిలో కూర్చున్న ఒకావిడ ఆయన్ని చూడగానే ఆత్రంగా అడిగేసింది: "ఎలా ఉందండీ? ఏముందక్కడ?" ఆయన నోరు తెరిచారు. మూశారు. మళ్లీ తెరిచారు. మెడ నరాలు బిగిశాయి. చివరికి బయటపడింది: "1,504 మీటర్లు."

తిరుగు ప్రయాణంలో బస్సంతా నిద్రపోతుంటే నా పక్క సీట్లోకి వచ్చి కూర్చున్నారు. రిషిరి ద్వీపానికీ యకుషిమాకీ టిక్కెట్లు కొనేశారట. వచ్చే ఏడాదికి వందా పూర్తి. మరి తర్వాత అని మాటవరసకి అడిగాను. ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. 1984లో ఫుకదా అభిమానుల సంఘం రెండువందల కొండల జాబితా తయారుచేసిందట. అంతకుముందే, 1978లో, జపనీస్ ఆల్పైన్ క్లబ్ మూడువందలది ఒకటి చేసి పెట్టిందట. మొదటి వంద రెండిట్లోనూ ఉమ్మడే కాబట్టి ఆ పని ఎలాగూ అయిపోయినట్టే. మిగతావాటిలో ఇప్పటికే ముప్ఫయి నాలుగు ఎక్కేశారట.

ఇంట్లో మాత్రం ఇంకా చెప్పలేదట.