గడప గడపకూ తిరిగిన రాత అట్టను

నేను రాత అట్టను. చెక్కపొట్టు నొక్కి చేసిన గోధుమరంగు పలక, పైన ఉక్కు క్లిప్పు, క్లిప్పుకి దారంతో కట్టిన బాల్‌పెన్ను. మీ పిల్లలు పరీక్షలకి పట్టుకెళ్ళే అట్ట లాంటిదాన్నే. నా మీద పరీక్ష కాగితాలు మాత్రం ఎవరూ పెట్టలేదు. టెక్సస్ రాష్ట్రం శాన్ ఆంటోనియోలో, మెక్సికన్ కుటుంబాలుండే పడమటి పేటలో, 1974 నుంచీ నా మీద పెట్టినవన్నీ ఓటరు నమోదు ఫారాలే.

నన్ను మొదట చేతబట్టినావిడ ఒక బడి వంటశాలలో పనిచేసేది. వాళ్ళమ్మ పెకన్ గింజలు ఒలిచే షెడ్డులో కూలీ. 1938లో ఎమ్మా తెనాయూకా అనే 21 ఏళ్ళ అమ్మాయి ముందు నడవగా దాదాపు 12,000 మంది సమ్మె కట్టింది ఆ షెడ్లలోనే. అక్కడ వారం కూలీ రెండు మూడు డాలర్లు. ఆ రోజుల్లో టెక్సస్‌లో ఓటెయ్యాలంటే ముందు పన్ను కట్టాలి. రాష్ట్రానికి ఒకటిన్నర డాలరు, కౌంటీకి పావు డాలరు. పోలింగు నవంబరులో అయితే పన్ను జనవరి నెలాఖరుకే కట్టెయ్యాలి. వారం కూలీలో సగానికి పైగా ఓటుకే పోతే ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? వాళ్ళమ్మ ఓటు మాటే ఎత్తలేదు. 1964లో 24వ రాజ్యాంగ సవరణ జాతీయ ఎన్నికల్లో ఆ పన్ను తీసేసింది. 1966లో కోర్టులు రాష్ట్ర ఎన్నికల్లోనూ కొట్టేశాయి. పన్నయితే పోయింది కానీ, ఓటు మనబోటి వాళ్ళది కాదన్న నమ్మకం ఇళ్ళల్లో అలాగే ఉండిపోయింది.

ఆ నమ్మకాన్ని వదిలించడానికి మమ్మల్ని వీధుల్లోకి పంపినాయన విలియం వెలాస్కెజ్. అందరికీ విల్లీ. సౌత్‌వెస్ట్ ఓటరు నమోదు సంస్థను 1974లో ఆయనే పెట్టారు. వాషింగ్టన్ కబుర్లతో తలుపు తట్టడం ఆయనకి నచ్చేది కాదు. ఆ ఊళ్ళో రోడ్డెలా ఉంది, కాలువెలా ఉంది, బడి ఎలా నడుస్తోంది అని ముందు ఆరా తీసేవారు. అక్కడి నుంచే మాట మొదలుపెట్టమనేవారు.

ఒక సాయంత్రం వసారాలో కూర్చున్న ముసలాయన మా బడి వంటావిడని అడిగాడు: “ఈ ఓటుతో నాకొరిగేదేముంది తల్లీ?” ఆవిడ ఆయన గుమ్మం ముందున్న వీధి చూపించింది. గట్టి వాన పడితే ఆ పేటలో నీళ్ళు ఇళ్ళల్లోకి వచ్చేసేవి. “ఇక్కడ కాలువ తవ్వించాల్సిన వాళ్ళని ఎన్నుకునేది మీరేగా పెద్దయ్యా” అంది. ఆయన నన్ను తొడ మీద పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు. ఇంటిపేరు దగ్గర ఆగాడు. వాళ్ళలో తండ్రి ఇంటిపేరూ తల్లి ఇంటిపేరూ రెండూ ఉంటాయి, ఫారంలో ఉన్నది ఒక్క గడే. కాసేపు ఆలోచించి రెండూ రాశాడు. చివరి అక్షరాలు గీత దాటిపోయాయి. పెన్ను ఎంత గట్టిగా నొక్కాడంటే, ఆ ఆఖరి అక్షరం తాలూకు గాడి ఇప్పటికీ నా ఒంటిమీద ఉంది. నాకున్న మచ్చల్లో అదంటే నాకు ప్రాణం.

1975లో ఓటు హక్కుల చట్టాన్ని పొడిగిస్తూ స్పానిష్ మాట్లాడేవారికీ రక్షణ కల్పించారు. ఇంగ్లీషు రాని ఓటర్లు తగినంతమంది ఉన్నచోట బ్యాలెట్ వాళ్ళ భాషలోనూ ఇవ్వాలన్నారు. ఆ చట్టం ఒత్తిడితోనే 1977లో శాన్ ఆంటోనియో కౌన్సిల్‌కి వార్డులవారీ ఎన్నికలొచ్చాయి. అంతవరకు ఊరంతా కలిపి ఓటెయ్యడంతో మా పేట మాట చెల్లేది కాదు. 1981లో హెన్రీ సిస్నెరోస్ మేయరయ్యారు. 1840ల తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న మొదటి మెక్సికన్ అమెరికన్ ఆయనే. ఆ రాత్రి మా బడి వంటావిడ వాళ్ళమ్మ ఫొటో ముందు చాలాసేపు నిలబడింది.

పెద్ద నాయకులు మాత్రం మమ్మల్ని ఎన్నికలప్పుడే తలుచుకునేవారు. 1976 ఏప్రిల్‌లో అధ్యక్షుడు ఫోర్డు మా ఊరొచ్చారు. తమాలే పెడితే మొక్కజొన్న పొత్తు మీది ఆకుతో సహా కొరికేశారు, పొట్టిక్కని పనసాకు బుట్టతో నమిలినట్టు. ఆయన్ని చూసి నవ్విన వాళ్ళున్నారు. నాకు బాధే కలిగింది. దేశాన్నేలే మనిషి పక్కన కూర్చుని, ఇది ఇలా తింటారండీ అని చెప్పగలిగినవాళ్ళు ఒక్కరైనా లేకపోయారు. ఆ నవంబరులో టెక్సస్ డెమోక్రాట్ కార్టర్‌కి దక్కింది. ఆ తర్వాత అధ్యక్ష ఎన్నికల్లో ఏ డెమోక్రటిక్ అభ్యర్థీ ఇక్కడ గెలవలేదు.

విల్లీ 1988లో, 44 ఏళ్ళకే పోయారు. మా బడి వంటావిడ కూడా పోయింది. ఇప్పుడు నేను ఆవిడ మనవరాలి చేతిలో ఉన్నాను. ఆ పిల్లే ఇప్పుడు మా అమ్మాయి.

స్పానిష్ మాట్లాడే నేలల నుంచి వచ్చిన కుటుంబాలన్నిటినీ కలిపి లాటినో ఓటంటూ టీవీల్లో ఒకే ముద్దగా మాట్లాడుతుంటే నాకు కష్టంగా ఉంటుంది. మయామీలో కాస్ట్రో పాలనని తప్పించుకుని వచ్చిన క్యూబన్ కుటుంబం ఆలోచన వేరు. ప్యూర్టోరికో వాళ్ళు పుట్టుకతోనే అమెరికా పౌరులు, అయినా తమ ద్వీపంలో ఉన్నంతకాలం అధ్యక్షుడికి ఓటెయ్యలేరు. ఒర్లాండోకి మకాం మారిస్తే వెయ్యగలరు. మా పడమటి పేట గోడు ఇంకోటి. మెక్సికోతో నదీ సరిహద్దున ఉన్న స్టార్ కౌంటీనే చూడండి. జనం దాదాపు అందరూ లాటినోలే. 2012లో అక్కడ ఒబామాకి నూటికి 86 ఓట్లు పడ్డాయి. 2024లో ట్రంప్ గెలిచారు. 1892 తర్వాత రిపబ్లికన్‌కి అక్కడ ఆధిక్యం రావడం అదే మొదటిసారి.

ఆ ఏడాది ఒక ఇంట్లో బామ్మా మనవడూ నా ముందే వాదించుకున్నారు. ఆవిడ జన్మంతా డెమోక్రాట్. చమురు బావుల్లో పనిచేసే ఆ కుర్రాడు గుడ్ల ధర, పెట్రోలు ధర, ఇంటి అద్దె ఏకరువు పెట్టాడు. “మీవాళ్ళు ఇన్నేళ్ళలో ఒక్కసారైనా మన గుమ్మం ఎక్కారా బామ్మా?” అన్నాడు. ఆవిడ మాట్లాడలేదు. మా అమ్మాయి ఇద్దరిలో ఎవరి పక్షమూ తీసుకోలేదు, చిరునామా మారిందని చెప్పిన కుర్రాడి చేతికి నన్నందించింది. అతను ఎవరికి ఓటేసినా నాకు సమ్మతమే. ఎవరినీ అడక్కుండానే వాళ్ళ ఓటు తమ ఖాతాలో వేసుకున్న పెద్దల మీదే నా కోపమంతా.

2024 నాటికి దేశంలో ఓటు హక్కున్న లాటినోలు 3.6 కోట్ల మంది. అందులో అసలు పోలింగ్ బూత్ దాకా వెళ్ళనివాళ్ళు ఇంకా చాలామందే. 2020లో సగానికి కాస్త పైన మాత్రమే ఓటేశారు. ఏ పార్టీ వైపు ఎంత శాతం మొగ్గిందన్న చర్చ కంటే ఆ మిగతా సగం గురించే నాకు దిగులు.

టెక్సస్‌లో డ్రైవింగ్ లైసెన్సు పని మీద వెళ్ళినప్పుడు తప్పితే ఆన్‌లైన్ నమోదు లేదు. కాగితం మీద సంతకం పెట్టాల్సిందే. నమోదు చేయించేవాళ్ళకి కౌంటీ అనుమతి ఉండాలి. తీసుకున్న ఫారాలు 5 రోజుల్లో ఆఫీసులో ఇచ్చెయ్యాలి. అందుకే మా అమ్మాయి హైస్కూళ్ళ చుట్టూ తిరుగుతుంటుంది. 17 ఏళ్ళ 10 నెలలు నిండితే ఫారం నింపొచ్చు. మొన్న ఒక పిల్ల సంతకం ఎలా పెట్టాలో తెలియక, ముందు నోటుబుక్కులో మూడు రకాలుగా రాసి చూసుకుని, తర్వాత నా మీద పెట్టింది. 2028లో ఆ పిల్ల మొదటిసారి అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటుంది. పోలింగుకి 30 రోజుల ముందే మా దగ్గర జాబితా మూసేస్తారు. అక్టోబరు నడిమిన మరియాచీ మేళంతో దిగే నాయకులు ఆ పిల్లని కలవగలరేమో కానీ, ఇంకా ఫారం నింపని ఆమె స్నేహితురాళ్ళకి అప్పటికే గడువు దాటిపోయి ఉంటుంది.