కొల్లేటి దోనె చెప్పిన నిలువు వేట

నేను తాటిదోనెను. కొల్లేట్లో చేపల వేటకు పోతాను. నన్ను నడిపే మనిషి కూర్చోడు, నిలబడతాడు. గెడ వేసినా, వల విసిరినా నిలబడే. అది ఎలా సాధ్యమో తెలియాలంటే నా పుట్టుక నుంచి చెప్పాలి.

చాలా చెట్లకు చేవ నడుమ ఉంటుంది. తాడికి చేవంతా అంచుల్లోనే. లోపలుండేది మెత్తటి దూటు. అందుకే మొద్దును పైనుంచి తెరిచి, బాడిసతో ఆ దూటు తవ్వేస్తే గట్టి నల్లటి డొల్ల మిగులుతుంది. లావాటి మొదలు వైపు మూసుకునే ఉంటుంది. సన్నటి కొస తెరిపిగా ఉంటే బంకమట్టి పెట్టి మూస్తారు. ఇదే నా ఒళ్లు.

కానీ గుండ్రటి పొట్ట ఉన్న ఒంటి మొద్దు నీళ్లలో దొర్లుతుంది. అందుకని నా పక్కన ఇంకో దోనెను చేర్చి, అడ్డకర్రలు వేసి బిగించి కడతారు. మనిషి లేచి నిలబడితే బరువు పైకి పోతుంది, పడవ ఒరిగే గుణం పెరుగుతుంది. ఒరిగినప్పుడు మునిగిన పక్కను నీరు పైకి నెడుతుంది. పడవ ఎంత వెడల్పుంటే ఆ నెట్టుడు అంత దూరాన పనిచేస్తుంది. నీటిమట్టం దగ్గర వెడల్పు రెట్టింపైతే, పొడవు మారకపోతే, ఒరగకుండా ఆపే పట్టు ఎనిమిది రెట్లవుతుంది. లెక్క పుస్తకం చూడకుండానే మా లంక ఊళ్లవాళ్లు రెండు మొద్దులు కలిపి కట్టారు. వాళ్ల పనితనమంటే నాకు చాలా గౌరవం.

ఇంత శ్రమ ఎందుకంటే, నిలబడితేనే నీళ్లు కనిపిస్తాయి. కూర్చున్న కంటికి నీటి మీద ఆకాశం మెరుపే తగులుతుంది. కన్ను పైకి లేచి కిందికి చూస్తే ఆ మెరుపు తగ్గి లోపలి నాచు, నాచులో కదలిక తెలుస్తాయి. కొర్రమీను గాలి మింగడానికి పైకొస్తుంది. అప్పుడు లేచే బుడగ నా వేటగాడికి గుర్తు. గుంపుగా తిరిగే ఎర్రటి కొర్రమీను పిల్లలు కనిపిస్తే, తల్లిదండ్రులు కింద కాపలా ఉన్నాయని అర్థం. పిల్లలున్నచోట అతను వల వెయ్యడు. నాకు అతనిలో నచ్చేది ఇదే.

విసురువల వేసే క్షణం నాకు గడ్డు పరీక్ష. వల ముందుకు పోతే నేను వెనక్కి జరుగుతాను. పక్కకు విసిరితే ఆ నెట్టుడుకు ఒరుగుతాను. కాబట్టి అతను మొన వైపు తిరిగి, పాదాలు ఎడంగా పెట్టి, మోకాళ్లు వదులు చేసి, నడుము తిప్పి విసురుతాడు. భయపడ్డ మనిషి కాళ్లు కర్రల్లా బిగుస్తాయి. అప్పుడు నా ఊపంతా అతని తలదాకా పోతుంది. వదులు మోకాళ్లు ఆ ఊపును అక్కడే మింగేస్తాయి. నా మీద నిలిచే పాదం చూసే, ఆ మనిషికి వేట వచ్చో రాదో చెప్పగలను.

అతని మనవడు మొదటిసారి లేచినప్పుడు తాత అన్నమాట ఒక్కటే: "కాళ్లకేసి చూడకురా, దూరంగా ఆ కిక్కిసకేసి చూడు."

ఆ మనవడే ఒకరోజు ఫోన్‌లో కయాక్ వేట చూపించాడు. కయాక్ అసలు మంచు సముద్రాల్లో ఇన్యూట్ జనం సీల్ తోలుతో కట్టుకున్న పడవ. చల్లటి నీళ్లు లోపలికి రాకుండా దానిలో కాళ్లు చాపి బిగించుకుని కూర్చునేవారు. ఇప్పుడు వేటకని ప్లాస్టిక్‌తో, దాదాపు మూడడుగుల వెడల్పున, సమతలంగా తయారుచేస్తున్నారు. ఫ్లోరిడా తీరంలోని లోతులేని నీళ్లలో రెడ్‌ఫిష్ తోక పైకి తేలడం చూసి గాలం విసరడానికి వాళ్లూ నిలబడుతున్నారు.

"ఆళ్లూ మోకాళ్లు ఒదులుగానే పెట్టుకున్నార్రా!" అన్నాడు తాత, సంతోషంగా.

నిలువు వేటకు లోతులేని, తెరిపైన నీళ్లు కావాలి. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో బుడమేరు, తమ్మిలేరు నీళ్లు చేరి ఉప్పుటేరు గుండా సముద్రానికి పోయే కొల్లేరు అందుకు సరైన చోటు. అయితే చేపల చెరువుల గట్లు మా దారుల్ని కోసేశాయి. గట్టు దాటడం దోనెకు చేతకాదు. 1999లో కొల్లేరు అభయారణ్యమైంది, 2002లో చిత్తడినేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, 2006లో చాలా గట్లు కొట్టేశారు. గుర్రపుడెక్క మాత్రం ఇంకా తెరలు తెరలుగా అల్లుకుంటోంది. గెడ దానిలో చిక్కి రాకపోతే నిలబడ్డ మనిషి తూలి పడతాడు. నీళ్లు తెరిపిగా ఉండాలనడం అందం కోసం కాదు, ఆ మనిషి కోసం.

పక్షుల్ని చూడ్డానికి మా కొల్లేటి ఆటపాకకు వచ్చేవాళ్లకు ఒక మాట. ఎప్పుడైనా మాలాంటి చిన్న పడవ మీద నిలబడాలనిపిస్తే లైఫ్ జాకెట్ వేసుకోండి. ముందు కూర్చుని పడవ ఊపు ఒంటికి పట్టనివ్వండి, తర్వాత మోకాళ్ల మీద ఉండి చూడండి, ఆపై మెల్లగా లేవండి. తూలినట్టనిపిస్తే అంచు పట్టుకోవడానికి పక్కకు వంగకండి, ఉన్నచోటే కూర్చోండి.