మహారాజశ్రీ వాననీరు గారి సముఖానికి

శ్రీయుత వాననీరు గారికి,
చీఫ్ ఇంజనీరు, సకల కంకర రోడ్ల శాఖ.
మకాం: గుట్ట మీది నుంచి వాగు దాకా.

విషయం: అమెరికా, కెంటకీ రాష్ట్రం, రెడ్ రివర్ గార్జ్‌లో క్లైంబర్లు ఎక్కే రాతి గోడల దగ్గరికి పోయే కంకర రోడ్డు మరమ్మతు – తమరి సహకారం కోరుట గురించి.

సూచిక: మొన్న రాత్రి తమరు జరిపిన ఆకస్మిక తనిఖీ.

అయ్యా,

ఈ అర్జీ ఏ రోడ్ల శాఖకో పెట్టుకోక నాకెందుకు పంపారని తమరికి అనుమానం రావచ్చు. ఇది సర్కారు రోడ్డు కాదండి. ఒకప్పుడు చమురు బావుల వాళ్లు తమ లారీల కోసం అడవిలో వేసుకున్న దారి. 2004లో ఇక్కడి క్లైంబర్ల సంఘం, రెడ్ రివర్ గార్జ్ క్లైంబర్స్ కోయలిషన్, లీ కౌంటీలో దాదాపు 750 ఎకరాల కొండా లోయా కొనుక్కుంది. గోడలు చేతికొచ్చాయి. వాటితోపాటు ఈ దారీ, దాని గతుకులూ వారసత్వంగా వచ్చాయి. పైన నేల ఒకరిది, అడుగున చమురు మీద హక్కు ఇంకొకరిది. అందుకే గోడకు కూతవేటు దూరంలో చమురు పంపులు ఇప్పటికీ తలలూపుతూ ఉంటాయి. కాగితాల్లో ఎవరి పేరున్నా, ఈ దారి రేపు పొద్దున ఎలా ఉండాలో తేల్చేది తమరే. కనక నేరుగా తమరికే మొర పెట్టుకుంటున్నాం.

ముందుగా తమరి శాఖ గురించి నాలుగు మంచి మాటలు. టెండర్లు లేవు, పర్సెంటేజీలు లేవు, శిలాఫలకాలు లేవు. తనిఖీకొచ్చిన ఆఫీసరు జీపు దిగకుండానే అద్దం దించి, "బాగానే ఉందిగా" అనేసి పోవడం మా ఊళ్లో చూసినవాళ్లం. తమరు అలా కాదు. పై మలుపు నుంచి కింది పార్కింగు దాకా రోడ్డు పొడుగునా స్వయంగా నడుస్తారు. పని ఎక్కడ మొక్కుబడిగా జరిగిందో సరిగ్గా అక్కడే ఆగి, గుంత తవ్వి, రిపోర్టు అందులోనే వదిలి వెళతారు. పని కొలతలు రాసే ఎం-బుక్కులో అంకెలు దిద్దినట్టు తమరి రిపోర్టు దిద్దడం కుదరదు.

ఇక మేము. లెక్సింగ్టన్, లూయివిల్, సిన్సినాటి, కొలంబస్ వైపు నుంచి వారాంతాల్లో వచ్చే జనం. నర్సులున్నారు, పంతుళ్లున్నారు, వడ్రంగులున్నారు, కోడు రాసే తెలుగువాళ్లమూ ఉన్నాం. ఈ అర్జీ రాసే పని నా నెత్తిన పడటానికి కారణం నాది గోదావరి డెల్టా కావడం. నీళ్లతో ఎలా మాట్లాడాలో వీడికి తెలుసని తోటివాళ్ల నమ్మకం. పని రోజున తాళ్లూ బూట్లూ కార్లోనే ఉంటాయి. చేతుల్లో పలుగు, పార, దంతె, దిమ్మిస. మన శ్రమదానమే, కాకపోతే ఫొటో దిగి వెళ్లే నాయకుడు ఉండడు.

తమరి మీద మాకు కక్షేమీ లేదు. మేము ఎక్కే గోడలు తమరి చేతి పనే. సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట నదులు మోసుకొచ్చిన ఇసుక గట్టిపడి రాయయితే, తమరే దాన్ని కోసి, తొలిచి, అంచులు ముందుకు వంచిన గోడలూ వందకు పైగా సహజ తోరణాలూ తయారుచేశారు. చిక్కంతా అక్కడే వచ్చింది. గోడ ముందుకు వాలి ఉంటుంది కాబట్టి ఎంత వాన కురిసినా దాని కింద పొడిగానే ఉంటుంది. మిగతా చోట్ల వాన పడితే క్లైంబర్లు ఇంట్లో కూర్చుంటారు. ఇక్కడ వాన పడినా బయల్దేరతారు. తమరు దయతో పొడిగా ఉంచిన గోడ దగ్గరికి, తమరు నానబెట్టిన రోడ్డు మీదుగా!

ఆ తర్వాత జరిగేది తమరికి తెలియనిది కాదు. మెత్తబడిన నేలలో టైరు దిగబడి గాడి పడుతుంది. ఆ గాడిని తమరు కాలవ కిందే లెక్కేసి అందులో దిగుతారు. మొదట రాళ్ల మధ్య పట్టుగా ఉన్న సన్నటి పొడిని తీసుకుపోతారు. పొడి పోయాక రాళ్లు ఒకదాన్నొకటి వదిలేస్తాయి. అప్పుడు రాళ్లనూ తీసుకుపోతారు. గాడి లోతైతే, దించితే బండి అడుగు తగులుతుందని చిన్న కార్లవాళ్లు పక్కన గడ్డి మీదికి తిప్పుతారు. గడ్డి చస్తుంది, అక్కడ ఇంకో గాడి. దారి వెడల్పవుతుంది కానీ బాగుపడదు. చలికాలం చివర్లో మరీ ఘోరం. పై నాలుగంగుళాలు కరిగి, అడుగు ఇంకా గడ్డకట్టే ఉంటే తమరికి ఇంకడానికి చోటుండదు. ఆ బురద మీద ఒక్క చమురు లారీ పోతే మేము నెల రోజులు సర్దుకోవాలి.

ఒక నేరం మాత్రం తమరి మీద మోపలేం. ఎండిన రోడ్డు మీద అడ్డంగా వరసలు కట్టే చిన్న చిన్న గట్లున్నాయే, బండి వాటి మీద పోతుంటే పళ్లు కటకటలాడతాయే, అవి చక్రాల పని. 2007లో భౌతికశాస్త్రవేత్తలు గుండ్రంగా తిరిగే ఇసుక పళ్లెం మీద చక్రం దొర్లించి చూశారు. ఒక వేగం దాటితే చాలు, ఎంత చదును చేసిన ఇసుకలోనైనా గట్లు లేచాయి. నెమ్మదిగా పోతే లేవలేదు. కాబట్టి ఆ పద్దు మా తోటి డ్రైవర్ల ఖాతాలో రాసుకుంటాం.

గుంత కనిపిస్తే కంకర పోయాలని ఎవరికైనా తోస్తుంది. లెక్క చూడండి. ఒక మైలు పొడవు, 12 అడుగుల వెడల్పు, 3 అంగుళాల మందం కంకర పరవాలంటే సుమారు 800 టన్నులు కావాలి. 20 టన్నుల టిప్పర్లు 40. చందాల డబ్బుతో 40 టిప్పర్లు దింపించి, తమరికి దారి చూపకుండా వదిలేస్తే, రెండు మూడు వానల్లో ఆ కంకరంతా వాగు చేరుతుంది. అంటే చందాలిచ్చినవాళ్లు రోడ్డుకిచ్చామనుకుంటారు, ఇచ్చింది వాగుకు. రెండు వందల ఏళ్ల కిందటే జాన్ మెకాడం చెప్పాడు: బండి బరువు మోసేది అడుగునున్న నేలే, దాన్ని పొడిగా ఉంచడమే పైనున్న రాళ్ల పని అని. ఆయన పేరిట నేటికీ మన ఇంజనీర్లు డబ్ల్యూబీఎం (వాటర్ బౌండ్ మెకాడం) రోడ్లు వేస్తున్నారు. పేరు మిగిలింది కానీ, పక్క కాలవ తవ్వకుండా బిల్లు పాసవడం కూడా మిగిలింది.

అందుచేత మా పద్ధతి మార్చాం. ముందు తమరి దారి, తర్వాత మా దారి. రోడ్డు నడుమ తాబేలు వీపులా ఎత్తుగా, అంచుల వైపు అడుగుకు అరంగుళం చొప్పున వాలుగా ఉంటుంది. తారు రోడ్డుకు అందులో సగం వాలు చాలు. కంకర తమరిని తాగేస్తుంది కాబట్టి త్వరగా పంపించాలి. అంచున పక్క కాలవ, కాలవ నిండేలోపు రోడ్డు కింద తూము. నిటారు దిగుడులో రోడ్డుకు అడ్డంగా, కాస్త ఏటవాలుగా చిన్న కట్టలు. తమరి వేగం రెట్టింపైతే దొర్లించగలిగే రాయి బరువు 64 రెట్లవుతుందని పాఠ్యపుస్తకాల సూత్రం. తమరికి పరుగందుకునే సందివ్వకపోవడమే ఆ కట్టల పని.

గుంత పూడ్చడానికీ వరస ఉంది. అందులో నిలిచిన తమరిని ముందు గండికొట్టి సాగనంపాలి. అంచులు గుంత అడుగుదాకా నిలువుగా చెక్కాలి. లేకపోతే పోసిన కంకర అప్పడం పొరలా లేచి వస్తుంది. తర్వాత క్రషర్ డస్ట్ కలిసిన, అంచులు పదునైన కంకర పోసి, కొంచెం తడిపి, పొరపొరకీ దిమ్మిస కొట్టాలి. గులకరాళ్లు పోస్తే టైరు కింద దొర్లిపోతాయి. గమనించారా, ఆ తడపడానికి మళ్లీ తమరే కావాలి. బిందెడైతే బంధువు, వరదైతే పగ.

ఇంత చేసినా పేరు రాదండి. గోడ మీద కొత్త రూటు వేసి మొదట ఎక్కినవాళ్లు దానికి నచ్చిన పేరు పెట్టుకుంటారు, గైడుబుక్కులో అచ్చవుతుంది. తూముకు పేరు పెట్టినవాళ్లను మేమింతవరకు చూళ్లేదు. గోడకు కొట్టే కొత్త బోల్టులకు చందా అడిగితే జేబులు తెరుచుకుంటాయి. పన్నెండంగుళాల ప్లాస్టిక్ పైపు ఒకటి కావాలంటే, "రోడ్డు బాగానే ఉందిగా" అంటారు. బాగున్నది ఆ పైపు వల్లే అని చెప్పాలంటే వాళ్లను వానలో నిలబెట్టాలి.

మా తెలుగు పూర్వీకులు ఈ విషయంలో తెలివైనవాళ్లు. తెలంగాణ ఊళ్లలో చెరువుకో నీరటి ఉండేవాడు. తూము ఎప్పుడు తెరవాలో, గట్టు ఎక్కడ చెమ్మగిల్లిందో చూడటమే అతని ఉద్యోగం, పంటలో అతనికి వాటా ఉండేది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఊరి కాలవల పూడికను ఊరివాళ్లే తీసుకునే కుడిమరామత్తు ఆచారం ఎంత పాతుకుపోయిందంటే, 1858లో ఇంగ్లీషువాళ్లు దాన్ని చట్టంలోనే ఎక్కించారు. చట్టం వచ్చాక జనం మనసు పెట్టి చేశారా అన్నది వేరే కథ. ఇక్కడ మాకు చట్టమూ లేదు, పంటలో వాటా కూడా లేదు. ఆకు రాలే కాలంలో మాలో ఒకడు బోర్లా పడుకుని తూములోకి భుజందాకా చెయ్యి పెట్టి, కుళ్లిన ఓక్ ఆకులు గుప్పిళ్లతో లాగుతుంటాడు. అడ్డం వదలగానే లోపల గుడగుడమని, వెనక నిలిచిన మడుగంతా అవతలికి ఒక్కసారి జారుతుంది. ఆ పూటకి అతనే మా నీరటి.

వేళాకోళం కాసేపు పక్కన పెడతాను. 2022 జూలైలో తూర్పు కెంటకీ మీదికి తమరు వచ్చినప్పుడు 40 మందికి పైగా ప్రాణాలు పోయాయి. దాని ముందు మా గతుకులు ఒక కష్టమే కాదు. అయితే గోడ మీంచి ఎవరైనా జారిపడ్డ రోజున అంబులెన్సు రావాల్సింది ఈ దారినే. పక్క వుల్ఫ్ కౌంటీ గాలింపు, రక్షక దళంలోనూ జీతం పుచ్చుకోని మనుషులే. స్ట్రెచరు మోసేవాళ్లు తమ పని చేస్తున్నప్పుడు దారి చూసుకునే పని మాది.

కనుక మా విన్నపాలు:

1. ఇక్కడికి తమరు ఏడాదికి దాదాపు 1,200 మిల్లీమీటర్లు విచ్చేస్తారు. గోదావరి జిల్లాల్లోనూ ఇంచుమించు అంతే. అయితే అక్కడ నాలుగైదు నెలల్లో దండిగా పని ముగించి సెలవు పెడతారు, ఇక్కడ పన్నెండు నెలలూ డ్యూటీయే. మాకూ ఓ సెలవు నెల మంజూరు చేయాలి.

2. తమరి కోసం తవ్విన పక్క కాలవలోంచే పోవాలి. అది కాదని రోడ్డు నడుమ నడవాలనిపిస్తే, ఆ కాలవ ఎక్కడ పూడిందో చూపించమని అర్థం చేసుకుంటాం.

3. గాడి తప్పించుకోవడానికి గడ్డి మీదికి తిప్పే బండిని ఒక్క పూట అక్కడే కూరుకుపోనివ్వాలి. బండి తోయడానికి మేమే వస్తాం. తోసే ముందు ఓ పార చేతికిస్తాం.

4. కొత్త రూటుకు పేరు పెట్టిన ప్రతి క్లైంబరూ ఓ తూము పూడిక తీయాలని తమరి పేరిట ఒక సర్క్యులర్ జారీ చేయాలి. మేం చెబితే వినరు. తమరు చెబితే కనీసం తడుస్తారు.

ఇందులో మొదటిదీ నాలుగోదీ తోసిపుచ్చినా అప్పీలుకు వెళ్లం. రెండోది మాత్రం తప్పక చిత్తగించాలి, ఎందుకంటే దానికి కావలసిన పనంతా మేమే చేసిపెట్టాం. వచ్చే శనివారం పై మలుపు దగ్గర కొత్త కట్ట వేస్తున్నాం. తమరు ఆదివారం తనిఖీకి వస్తే మాకు అభ్యంతరం లేదు. దిమ్మిస కొట్టిన మట్టి బిగుసుకోవడానికి ఆ ఒక్క రాత్రి గడువిస్తే చాలు.

ఇట్లు,
తమరి విధేయులు,
కంకర రోడ్డు కూలీలు (జీతం లేనివారు)

జతపరచినవి: పక్క కాలవ – 1, తూము – 1, అడ్డకట్టలు – తమరు మిగిల్చినన్ని.