లేని మనుషుల జనాభా లెక్కలు

మొత్తానికి పక్షపాతం తగ్గిందట. బొమ్మలు గీసే ఏఐ మోడల్ కొత్తది వచ్చిన ప్రతిసారీ ఈ శుభవార్త కూడా శాతాలతో సహా వస్తుంది. తగ్గించిందీ కంపెనీయే, కొలిచిందీ కంపెనీయే. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకుంటే మార్కులకు కరువేముంది!

కొలిచే తీరు చూడండి. 'డాక్టర్' అని టైపు చేసి వందల బొమ్మలు గీయిస్తారు. వాటిలో ఆడవాళ్లెందరో లెక్కపెట్టే ఓపిక మనుషులకు లేక, ఆ పని తరచూ ఇంకో యంత్రానికి అప్పగిస్తారు. అది మొహమూ జుట్టూ చూసి ఆడో మగో తేల్చేస్తుంది. పుట్టనే పుట్టని మనిషికి లింగ నిర్ధారణ! కడుపులో బిడ్డకు చేస్తే మన దేశంలో నేరం, 1994 నుంచీ చట్టముంది. కంప్యూటర్ కడుపులో బొమ్మకు చేస్తే పరిశోధన.

పోనీ, ఆ తేల్చే యంత్రం చూపైనా సరైనదా? 2018లో జాయ్ బువోలమ్వినీ, టిమ్నిట్ గెబ్రూ అనే పరిశోధకులు మొహం చూసి ఆడో మగో చెప్పే మూడు కంపెనీల సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. ముదురు రంగు ఆడవాళ్ల విషయంలో ఒకటి 34.7 శాతం తప్పు చెప్పింది. తెల్ల మగవాళ్ల దగ్గర మూడింటిలో ఏదీ 1 శాతం దాటలేదు. ఇక తిరుమలలో తలనీలాలిచ్చి వచ్చిన మా పెద్దమ్మను ఏ గడిలో వేస్తుందో!

గడులు రెండే. మూడో లింగాన్ని మన సుప్రీంకోర్టు 2014లోనే గుర్తించింది, ఈ లెక్కల్లో అదింకా పుట్టలేదు.

నవ్వింది చాలు. 2023లో బ్లూమ్‌బర్గ్ వార్తాసంస్థ స్టేబుల్ డిఫ్యూజన్ అనే మోడల్‌తో వేల బొమ్మలు గీయిస్తే 'జడ్జి' బొమ్మల్లో ఆడవాళ్లు 3 శాతం. అమెరికాలో నిజమైన జడ్జీల్లో వాళ్లు 34 శాతం. లోకం ఎలా ఉందో అలాగే చూపిస్తున్నామన్న సాకు కూడా అబద్ధమే. చదివి, పోట్లాడి కుర్చీ ఎక్కిన మనిషిని ఈ యంత్రం కిందికి లాగేస్తోంది. జబ్బు ఇంటర్నెట్ నుంచి ఊడ్చుకొచ్చి దానికి మేపిన కోట్ల బొమ్మల్లో ఉంది. వాటిని ఏరి శుభ్రం చేయాలంటే డబ్బు కావాలి. పైపైన వైవిధ్యం పూత పూయడం చవక. ఆ పూత ముదిరే 2024 ఫిబ్రవరిలో గూగుల్ జెమినీ నాజీ సైనికుల్లో నల్లవాళ్లనూ ఆసియా ఆడవాళ్లనూ చూపించింది. మనుషుల బొమ్మలే కొన్నాళ్లు ఆపుకోవాల్సి వచ్చింది. హిట్లర్ సైన్యంలో కోటా ఎవరడిగారయ్యా?

మన పొలాల్లో వరినాట్లు వేసే చేతులు ఎక్కువగా ఆడవాళ్లవే. ఈ యంత్రాన్ని 'రైతు' బొమ్మ అడిగి చూడండి, ఎవరొస్తారో.

ఈసారి ఎవరైనా శాతం చదివి వినిపిస్తే, ముందు ఏయే బొమ్మలతో నేర్పారో ఆ జాబితా బయట పెట్టమనండి. పెట్టనంత కాలం ఆ మార్కుల కాగితం చెత్తబుట్టలో వేయండి.